లాభం, రెండు, మూడు

సోమారం వచ్చిందంటే మన్వితకి కడుపు నొస్తది.

ఆదివారం మాపటిదాంక మంచిగనే ఉంటది పిల్ల. టీవీ ముందల కూసోని బొంగులు నములుతది, నాయనమ్మ మల్లమ్మ కొంగు వట్టుకొని తిరుగుతది, తాతతోని రిమోట్ కోసం కొట్లాడుతది. తెల్లారి యూనిఫాం తొడగంగనే మొదలైతది. "మమ్మీ, కడుపుల నొస్తుంది" అని మంచం మీద ముడుసుకుంటది. మొకం సున్నమేసిన గోడ తీరు తెల్లగైతది. ఒక్కోపారి తిన్న ఇడ్లీ మొత్తం కక్కుకుంటది. నాటకం అందామంటే, కక్కుడు నాటకం కాదు గద. మీరే చెప్పున్రి.

సోమారం బడిల లెక్కల టెస్టు. పిల్ల చదివేది రెండో తరగతి.

దిల్‌సుఖ్‌నగర్‌ల దవాఖానకు తీస్కపోయిండ్రు. డాక్టరు పొట్ట నొక్కి చూసిండు, స్కానింగ్ తీయించిండు, ఏం లేదన్నడు. "నీళ్లు ఎక్కువ తాగియ్యండి, బయట తిండి బంద్ వెట్టండి" అన్నడు. గంతే. మన్విత నాయన శ్రవణ్‌కుమార్ ఇంటికొచ్చినంక బొంగుల ప్యాకెట్లన్నీ తీసి చెత్తల పారేసిండు. సోమారం రానే ఒచ్చింది, కడుపు నొయ్యనే నొచ్చింది.

శ్రవణ్ చెడ్డోడేం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌ల పెద్ద చీరల షోరూమ్‌ల ఒక అంతస్తు మొత్తం ఆయన చేతుల్నే ఉంటది. పొద్దంత నిలవడి నిలవడి కాళ్లు వాసినా, ఇంటికి రాంగనే బిడ్డను ముందల కూసోవెట్టుకుంటడు. గని ఆయన కూడ ఇంటర్‌ల లెక్కల కాడనే ఆగిపోయినోడు. రెండుసార్లు రాసిండు, రెండుసార్లు తప్పిండు. గా భయం ఆయన కడుపుల ఇంక అట్లనే ఉన్నది. బిడ్డ తప్పు చెప్పినప్పుడల్లా ఆయన పాత రిజల్టు మల్లోపారి ఒచ్చినట్టయితది. గందుకే గొంతు లేస్తది.

"ఎయిట్ ప్లస్ ఫైవ్ ఎంత?"

పిల్ల చేతులు ఫ్రాకు కిందికి పోతయ్.

"చేతులు మీద వెట్టు! వేళ్లతోని లెక్కవెట్టొద్దని మిస్ చెప్పలే?"

"ఎలెవెన్..."

"ఎలెవెనా?"

"ట్వెల్వ్... కాదు, కాదు... ఫోర్టీన్?"

గోడకు ఒరిగి కూసున్న మారయ్య, అంటే మన్విత తాత, ఒకటి గమనించిండు. పిల్ల పుస్తకం దిక్కు చూస్తలేదు. నాయన మొకం దిక్కు చూస్తున్నది. ఒక్కో అంకె చెప్పుడు, నాయన కనుబొమ్మలు చూసుడు. కనుబొమ్మలు దిగితే గదే జవాబని ఆశ. లెక్కను నాయన మొకంల ఎతుకుతున్నది పాపం.

మారయ్యది పోచంపల్లి దిక్కు ఊరు. మోకాళ్లు పడిపోయేదాంక మగ్గం గుంటల కూసోని నేసినోడు. ఇప్పుడు కొడుకు కాడ, కొత్తపేట గల్లీల కిరాయి పోర్షన్‌ల ఉంటడు. మన్వితను బడి ఆటో ఎక్కిచ్చుడు, దించుకునుడు, గదే ఆయన డ్యూటీ. గా పిల్ల నవ్వితే ఆయనకు పొద్దు పొడిసినట్టు. ఇప్పుడు పిల్లకి లెక్కల భయం పోతదా పోదా అన్నదే ఆయనకు పెద్ద పరేషాన్ అయి కూసుంది. తిన్న బువ్వ ఒంటికి పడుతలేదు.

ఒకనాడు ఆటో దిగినంక, ఇంటికి పోకుండ మెట్రో పిల్లరు కింద నీడకు కూసోవెట్టి అడిగిండు.

"బిడ్డా, లెక్కలంటే నీకేమైతది? నాకొక్కనికే చెప్పు. ఎవ్వరికి చెప్ప."

పిల్ల బూటు లేసు గుంజుకుంట చెప్పింది.

"మిస్ స్టార్ట్ అంటది గద తాతా, గప్పుడు తలకాయల ఫ్యాన్ తిరిగినట్టైతది. ఫస్టుదే రాదు. ఫస్టుది రాకుంటే ఇగ ఏదీ రాదు."

మారయ్య లేసి పిల్ల బ్యాగు భుజానికేసుకున్నడు. చెరుకు రసం ఇప్పిచ్చి ఇంటికి తోల్కపోయిండు.

ఇగ కార్తీకం ఎల్లంగనే ఊర్లకెళ్లి కొత్త బియ్యం ఒచ్చినయ్. మారయ్య తమ్ముడు యాడాదికి రెండుమాట్ల పంట మీద ఒక సంచి పంపుతడు. సంచి ఒస్తే గా ఇంట్ల ఒక పద్ధతున్నది. అట్లనే డబ్బాల కుమ్మరియ్యరు. చాప పరుస్తరు, మారయ్య కాళ్లు కడుక్కొని తూర్పు మొకం కూసుంటడు, వాళ్ల నాయన వాడిన ఇత్తడి మానికతోని కొలిసి కొలిసి డబ్బాల పోస్తడు. కోడలు సుప్రియ ఎన్నోసార్లు నవ్వింది కూడ. "మామా, సంచి మీదనే కిలోలు రాసున్నయ్ గద, మల్ల కొలుసుడేంది?" అని. "కొలిస్తేనే అమ్మా, బియ్యం ఇంటియి అయ్యేది. లేకపోతే దుకాణంలయే" అంటడు మారయ్య.

గా దినం మన్విత పక్కకొచ్చి కూసున్నది. మారయ్య మానిక ముంచిండు, శిఖరం గట్టేటట్టు పోసిండు, ఎత్తిండు.

"లాభం లాభం లాభం..." అనుకుంట డబ్బాల వంపిండు. మల్ల ముంచిండు. "రెండు రెండు రెండు... మూడు మూడు మూడు..."

"తాతా, నువ్వు వన్ మర్సిపోయినవ్!"

"మర్వలే బిడ్డా. కొలిసేటప్పుడు మనం ఒకటి అనం. లాభం అంటం."

"ఎందుకు?"

నిజం చెప్పాల్నంటే ఎందుకో మారయ్యకు కూడ తెల్వది. నాయన అన్నడు, తాత అన్నడు, ఆయన అంటున్నడు. గని పిల్ల కండ్లు ఇంతింత చేసి చూస్తున్నది. మెట్రో పిల్లరు కింద అన్న మాట ఆయనకు యాదికొచ్చింది. నోటికి ఏదొస్తే గది చెప్పిండు.

"ఏ పనికైనా మొదట్లనే భయముంటది బిడ్డా. ఒకటి అన్నవనుకో, ఒక్కదానివే నిలవడ్డట్టు. లాభం అన్నవనుకో, మంచే అయితదని ముందుగాలనే అనుకున్నట్టు. మొదటిది గట్ల దాటితే సాలు. రెండు దానంతటదే ఒస్తది."

మల్లమ్మ వంటింట్లకెళ్లి అందుకున్నది. "అబ్బో, పెద్ద పంతులు! నాలుగో తరగతిల బడికెళ్లి ఉరికొచ్చినోడు లెక్కలు చెప్తున్నడు. ఇనకే బిడ్డా, నిన్ను గూడ ఉరికిపిస్తడు."

"నువ్వు ఉండే! పప్పు మాడుతుంది చూస్కో."

పిల్ల నవ్వింది. మానిక తీస్కున్నది. రెండు చేతులతోని ఎత్తింది. "లాభం..." అన్నది మెల్లగ. బియ్యం జలజల డబ్బాల పడ్డయ్. "రెండు... మూడు..." సంచి అడుక్కి పోయేదాంక ఎక్కడ ఆగలే, ఎక్కడ తప్పలే. అరచేతులకు తెల్లగ తవుడంటింది. తాత దిక్కు చూస్తలేదు, ఎవ్వరి మొకం దిక్కు చూస్తలేదు. మానిక దిక్కే చూస్తున్నది.

ఆ దినం సంది తాతామనవరాళ్లకు గదే ఆట. బడికెళ్లి రాంగనే చాటల గుప్పెడు బియ్యం పోసుకొని కూసునుడు. ఐదైదు గింజలు కుప్పలు వెట్టుడు, కుప్పలు లెక్కవెట్టుడు, గింజలెన్నో చెప్పుడు. మొదాలు లాభం. అటెన్క హోంవర్కు ముందల కూడ పిల్ల కండ్లు మూసుకొని పెదాలు ఆడిస్తది, సప్పుడు రాకుండ. గా పెదాల మీద ఏమున్నదో మారయ్యకొక్కనికే ఎర్క.

ఒక సోమారం కడుపు జరంత నొచ్చింది. ఇంకో సోమారం నొయ్యలే.

"ఏం మందు పోసినవ్ బాపూ?" అని అడిగిండు శ్రవణ్, టెస్టు పేపరు చేతుల వట్టుకొని. మొకం ఎలిగిపోతున్నది.

మారయ్య, మన్విత ఒకరి మొకం ఒకరు చూసుకొని నవ్వుకున్నరు. చెప్పలే. చెప్పుంటే బాగుండు. ఎవరన్నా ఒకరు, "స్కూల్ల గట్ల అనొద్దు బిడ్డా, వన్ అనాలె" అని ఒక్క మాట చెవుల ఏద్దురు. గని గది తాతామనవరాళ్ల ముచ్చట, దాసుకున్నరు.

డిసెంబర్ల బడిల లెక్కల పండుగ పెట్టిండ్రు. ఎల్బీనగర్ కాడ బడి, పెద్ద గ్రౌండు, షామియానా, స్పీకర్లు. తల్లిదండ్రులందర్ని పిలిసిండ్రు. శ్రవణ్ షోరూమ్‌ల పర్మిషన్ తీస్కున్నడు, మారయ్య ఇస్త్రీ ధోతి కట్టిండు. సుప్రియకు డ్యూటీ ఉండి రాలే.

లెక్కల మిస్ సంధ్యారాణి గేటు కాడనే ఎదురొచ్చింది. కోస్తా దిక్కామె, మాట మెత్తగుంటది.

"నమస్తే అండీ. మన్విత వాళ్ల తాతగారు కదూ? ఈమధ్య పాప భలే మారిందండీ! అందుకే నేనే పట్టుబట్టి స్టేజి మీద పెట్టించాను. వచ్చే నెల సెక్షన్లు మారుస్తున్నారు. ఇవాళ ధైర్యంగా చెప్పేస్తే 'ఏ' సెక్షన్లోనే ఉంచేద్దామని ప్రిన్సిపల్ గారితో అన్నానండీ."

'ఏ' సెక్షన్ల మన్విత సోపతి అభిరామ్ ఉన్నడు. ఇద్దరిదీ ఒకటే బెంచి, ఒకటే ఆటో. ఎనకవడ్డ పిల్లల 'సీ' సెక్షన్ల వేస్తే పిల్ల ఏమైతదో మారయ్యకు తెలుసు. ధోతి కొస పిడికిట్ల వట్టుకొని కూసున్నడు.

స్టేజి మీద బల్ల, బల్ల మీద బుట్ట. బుట్టల ఐస్‌క్రీం పుల్లలు, ఐదైదు కలిపి రబ్బరు బ్యాండేసిన కట్టలు. పిల్లలు ఒక్కొక్కరొచ్చి మైకు ముందల నిలవడి, కట్టలు తీసి బల్ల మీద వెట్టుకుంట గట్టిగ లెక్కవెట్టాలె. ఆఖర్న పుల్లలెన్నో చెప్పాలె. అభిరామ్ టకటక చెప్పిండు, అందరు చప్పట్లు కొట్టిండ్రు.

మన్విత వచ్చింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మైకు నోటికి తగిలేటట్టు దించిండ్రు.

"ఓకే మన్వితా, స్టార్ట్!" అన్నది మిస్.

స్టార్ట్ అన్న మాటకు పిల్ల భుజాలు పైకి లేసినయ్. మారయ్య చూసిండు. చేతులు రెండు దగ్గరికి పోయినయ్, ఫ్రాకు కిందికి పోబోయినయ్. గంతల ఆగినయ్. కండ్లు మూసుకున్నది. మారయ్యకు తెలుసు, ఇప్పుడు పిల్ల ముందల బుట్ట లేదు, చాప మీద బియ్యం ఉన్నయ్. మొదటి కట్ట తీసింది.

"లాభం."

ఎప్పుడూ పెదాల మీదనే ఉండే మాట, మైకు పట్టేసింది. స్పీకర్లు గ్రౌండు మొత్తం ఇనిపిచ్చినయ్, గోడ అవుతల రోడ్డు దాంక.

ఒక గడియ ఎవ్వరికీ సమజ్ కాలే. అటెన్క లైన్ల నిలవడ్డ పిల్లగాళ్లల్ల ఎవడో కిసుక్కుమన్నడు. ఇగ దాంతోని అందరు. మిస్‌కు కూడ నవ్వాగలే. "ఏంటమ్మా, కొట్టు పెట్టావా ఏంటి?" అన్నది, ప్రేమతోనే అన్నది. గది కూడ మైకుల పడ్డది. కుర్సీలల్ల తల్లిదండ్రులు కూడ నవ్విండ్రు. చెడుగ కాదు, చిన్నపిల్లల మాటకు నవ్వినట్టే నవ్విండ్రు.

అయినా మన్విత బెదరలే. గది నేను ఒత్తి చెప్పాలె. కట్ట చేతుల అట్లనే వట్టుకొని, కండ్లు తెరిసి, కుర్సీలల్ల ఒక్క మొకం కోసం ఎతికింది. తాత మొకం కోసం.

మారయ్య ఏం చేస్తున్నడు? ఆయన ఉన్న లోకం ఏరే. వాళ్ల తాత మాట, వాళ్ల నాయన మాట, బియ్యం కాడ, వడ్ల కుప్ప కాడ తప్ప ఎక్కడ ఇనవడని మాట, ఇంత పెద్ద బడిల, ఇంత పెద్ద మైకుల, తన మనవరాలి నోట్లకెళ్లి మోగింది. గుండె నిండిపోయింది ముసలాయనకు. నోరు మొత్తం తెరిసి, పండ్లు లేని చిగుళ్లు కనవడంగ నవ్వుతున్నడు.

పిల్ల చూసింది.

అందరు నవ్వుతున్నరు. తాత కూడ నవ్వుతున్నడు.

మన్విత చేతులున్న కట్టను మెల్లగ మల్ల బుట్టలనే వెట్టింది. సక్కగ, ఏడకెళ్లి తీసిందో ఆడనే. చేతులు ఫ్రాకు ఎనకకు వెట్టుకొని నిలవడ్డది. మిస్ "టూ... టూ అను అమ్మా, పర్లేదు" అని బతిలాడింది. మొదటిది దాటితే రెండు దానంతటదే ఒస్తదని తాత చెప్పిండు. రాలే.

మారయ్య నవ్వు మొకం మీద అట్లనే ఉండిపోయింది, తీసేసుడు మర్సిపోయిండు. తీసేటాళ్లకు పిల్ల స్టేజి దిగిపోయింది.

ఇంటికి ఆటోల బయలెల్లిండ్రు. సగం తొవ్వ దాటినంక శ్రవణ్ అడిగిండు.

"గా లాభం ఏంది బాపూ?"

"నేనే నేర్పిన్రా."

కొడుకు కొట్లాడుతడనుకున్నడు. కొట్లాడితే బాగుండు. శ్రవణ్ రోడ్డు దిక్కు చూసుకుంట, "నువ్వు మంచికే చేసినవ్ తీ. జర నాకొక మాట చెప్పాలె గద" అన్నడు. గంతే.

మన్విత ఇద్దరి నడిమిట్ల కూసోని, బ్యాగు పొట్టకు ఒత్తుకొని నిద్రపోయినట్టు కండ్లు మూసుకున్నది. రెప్పలు ఆడుతున్నయ్.

తెల్లారి సంది బడిల పిల్ల పేరు లాభం. ఆటో కాడ అభిరామ్ చేయి ఊపుకుంట, "లాభం! రా, నీకు కిటికీ సీటు ఉంచా!" అని పిలిసిండు. పిల్లగాడు సోపతితోనే పిలిసిండు, వాని మనసుల ఏం లేదు. మన్విత కిటికీ కాడ కూసోలే. నెల తిరిగేటాళ్లకు సీ సెక్షన్ల ఏసిండ్రు. ఇప్పుడు కడుపు సోమారం ఒక్కటే కాదు, మంగళారం నొస్తది, బుధారం నొస్తది. ఆదివారం మాపటికి కూడ నొస్తది.

మారయ్య కాళ్లీడ్సుకుంట బడికి పోయి సంధ్యారాణి మిస్‌ను కలిసిండు. చేతులు నలుపుకుంట సంగతి మొత్తం చెప్పిండు. ఆమె మొకం తెల్లవోయింది.

"అయ్యో... మా అమ్మమ్మగారింట్లో కూడా వడ్లు కొలిచేటప్పుడు అలాగే అనేవాళ్లండీ. చిన్నప్పుడు నేనూ పక్కన కూర్చుని అనేదాన్ని. అంతా మర్చిపోయానండీ. ఒక్క క్షణం గుర్తొచ్చి ఉంటే..." అని కండ్లు తుడుసుకున్నది. మంచామె. తెల్లారి క్లాసుల పిల్లలందరికి కూడ చెప్పింది, లాభం అంటే ఇది, నవ్వకూడదు అని. దాంతోని అంతదాంక తెల్వని పిల్లగాళ్లకు కూడ తెలిసిపోయింది.

మనవరాలికి చెప్పాలె గద అసలు సంగతి. ఎన్నిసార్లు నోటిదాంక ఒచ్చి ఆగిందో. ఒకనాడు మల్ల మెట్రో పిల్లరు కింద కూసోవెట్టిండు.

"బిడ్డా, గా దినం నేను నవ్వింది..."

"తెల్సు తాతా."

"ఏం తెల్సు?"

"అందరు నవ్విండ్రు గద."

"నేను అందరి లెక్క నవ్వలే బిడ్డా. కుషీ అయి నవ్విన. నువ్వు ఎంత మంచిగ అన్నవో..."

"సరే తాతా."

గా 'సరే' ఉన్నది చూడున్రి, పెద్దోళ్లు ముచ్చట బంద్ వెట్టనీకి అంటరే, గట్లాంటి సరే. ఏడేండ్ల పిల్ల నోట్లకెళ్లి ఒచ్చింది. మారయ్య చెరుకు రసం తాగుదామా అని అడిగిండు. ఒద్దన్నది.

ఎండకాలం యాసంగి బియ్యం ఒచ్చినయ్. మారయ్య చాప పరిసిండు, కాళ్లు కడుక్కున్నడు, తూర్పు మొకం కూసున్నడు. "బిడ్డా, జర సంచి మూతి వట్టుకుందువు రా" అని పిలిసిండు. మన్విత ఒచ్చింది. పిలిస్తే రానని అనేపిల్ల కాదు. సంచి మూతి రెండు చేతులతోని తెరిసి వట్టుకున్నది, మొకం గోడ దిక్కు తిప్పుకొని.

మారయ్య మానిక ముంచిండు. ఎత్తిండు. ఊపిరి తీస్కున్నడు. పుట్టి బుద్ధెరిగిన కాడికెళ్లి బియ్యం కాడ ఆ నోరు గా మాట అనలే. నాయన ఇంటే తిట్టేటోడు. వంటింట్ల మల్లమ్మ గరిటె ఆగింది.

"ఒకటి" అన్నడు.

పిల్ల సంచి మూతి ఇంక గట్టిగ వట్టుకున్నది. మానికల శిఖరం మీదికెళ్లి గింజలు జారి చాప మీద పడుతున్నయ్.

"లెక్కవెట్టకు తాతా" అన్నది మన్విత, గోడ దిక్కే చూసుకుంట. "ఉత్తగ పొయ్యి."

మారయ్య మానిక దిక్కు చూసిండు, పిల్ల జడల దిక్కు చూసిండు. మానికను పక్కకు వెట్టిండు. మోకాళ్ల మీద లేసి, సంచి అడుగు వట్టుకొని పైకెత్తిండు. పిల్ల మూతిని డబ్బాల వెట్టి వట్టుకున్నది. ఇద్దరు కలిసి వంపిండ్రు.

బియ్యం బడబడ దునికినయ్. గా సప్పుడు ఆగేదాంక ఇద్దరు సంచి వదల్లే.